గ్రీసుదేశపు రంగస్థలమును, మన బడివేదికయు

ప్రతి సంవత్సరమును పాఠశాల వార్షికోత్సవము సమీపించునపుడు మాలో నొక తర్కము పుట్టుచుండును. నాటకము విద్యలో భాగమా, విద్యకు విఘ్నమా? పరీక్షలు ముంచుకొని వచ్చుచుండగా ముఖమునకు రంగు పూసికొనుట యేల యని తల్లిదండ్రులలో కొంద రందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. మిరపచేలలో నెండకు వంగి కోతకోసి బడి జీతము కట్టిన తల్లికి, తన బిడ్డ కాలము దేనికి వినియోగపడుచున్నదో యడుగు హక్కు కలదు. కావున మాకు తోచిన ప్రత్యుత్తరము నిచ్చట విన్నవించుచున్నాము.

ఈ విషయమున ప్రాచీన గ్రీసుదేశము మనకు మంచి సాక్షి. ‘స్కూలు’ అను మాటయే గ్రీకుభాషనుండి పుట్టినది; దాని మూలపదమునకు తీరిక యని యర్థము. కూటిపనులు తీరిన పిమ్మట మనస్సునకు దొరకు వేళయే విద్యావేళ యని వారి తలంపు. క్రీ. పూ. 5వ శతాబ్దమున ఏథెన్సు నగరమందు వసంతకాలములో డయొనీససు దేవుని యుత్సవము జరుగుచుండెడిది. కొండవాలున వేలకొలది జనులు కూర్చుండి నాటకములు చూచుచుండిరి. విషాదనాటకములు వ్రాయు కవులు మువ్వురు పోటీపడుచుండిరి. గాయకబృందమును పోషించు భారమును నగరమువారు ధనవంతుల కప్పగించెడివారు. ఒక ధనికునకు యుద్ధనౌకను, వేరొకనికి నాటకబృందమును ఒప్పగించుట వారి యాచారము. అనగా నగరరక్షణమును నాటకమును వారికి సమానముగనే ప్రజాకార్యములు. తరువాతి కాలమున పేదపౌరులును చూడగలుగుటకై ప్రవేశరుసుమునకు నగరధనమునే పంచిపెట్టిరి.

అట్టి నాటకములవలన వా రేమి నేర్చిరి? ఒక్క యుదాహరణము చాలును. క్రీ. పూ. 480లో సాలమిసువద్ద ఏథెన్సువారును వారి మిత్రులును పారసీకుల నౌకాబలమును ఓడించిరి. అంతకుముందే పారసీక సేనలు వారి నగరమును తగులబెట్టియుండెను. ఎనిమిదేండ్లు గడచినపిమ్మట, 472లో, ఈస్కిలస్ కవి ‘పారసీకులు’ అను నాటకమును ప్రదర్శించెను. దానికగు వ్యయమును భరించినవాడు అప్పటికి యువకుడైన పెరిక్లీసు. ఆ కవి మారథాను యుద్ధమున స్వయముగా పోరాడినవాడు. అయినను నాటకమున తనవారి జయభేరి మ్రోగింపలేదు. శత్రురాజధానిలో, కుమారునికై యెదురుచూచు రాజమాత యెదుటను వృద్ధమంత్రుల యెదుటను కథ నడిపించి, ఓడినవారి యేడుపును గెలిచినవారికి వినిపించెను. ఇండ్లు కాలినవారు కూర్చుండి, కాల్చినవారి శోకమును వినిరి. అంతియేగాక ఆ సంవత్సరపు ప్రథమబహుమానమును ఆ కవికే యిచ్చిరి. పరుల కష్టమును తన కష్టముగా నూహించుకొను శక్తికంటె మేలైన విద్య యేది?

గ్రీకులయందు లోపములు లేవని మేమనము. వారి నగరవైభవమునకు క్రింద బానిసల శ్రమ యున్నది. స్త్రీలకు పౌరాధికారములు లేవు. రంగస్థలముపై స్త్రీపాత్రలను సైతము పురుషులే ముసుగులు ధరించి యాడిరి. పెద్దలయందు మంచిని గ్రహించి చెడ్డను విడుచుట పిన్నల ధర్మము గదా!

ఇదంతయు పరదేశపు ముచ్చట యని కొందరనవచ్చును. అట్లు కాదు. కృష్ణాతీరమున నాగార్జునకొండలోయలో 1926లో ఒక ప్రాచీనస్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసినవాడు ఒక బడిపంతులు. నాగార్జునసాగరపు నీరు ఆ లోయను ముంచకముందు, 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకురాజుల నగరము బయల్పడెను. అందు నడుమ చదునైన యంగణమును, దానిచుట్టు ఇటుకలతో కట్టిన మెట్లవరుసలును గల ప్రేక్షాస్థలమొకటి కనబడెను. దానిని నేడు అనుపువద్ద మరల నిర్మించియున్నారు. అచ్చటనే రోమను బంగారునాణెములును దొరకినవి. అంతమాత్రమున ఆ కట్టడమును పడమటివారిని చూచి కట్టిరని మేము తొందరపడి చెప్పము. అచ్చట ఆడినవి నాటకములో, మల్లయుద్ధములో పండితులు తేల్చుకొందురుగాక. ఊరంతయు ఒక్కచోట కూర్చుండి చూచుటకు స్థలము కట్టవలెనను బుద్ధి మాత్రము మన పల్నాటిలో పదునారు వందల యేండ్లకు మునుపే యుండెను. మాకు కావలసిన సాక్ష్య మంతియే.

ఇటీవలి కాలమునకు వత్తము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున తెలుగు నాటకమును ప్రదర్శించినపుడు వేషములు కట్టినవారు ఆయన విద్యార్థులే. ఆయన జన్మదినమగు ఏప్రిల్ 16వ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కావున ఆధునిక తెలుగునాటకము బడిపిల్లల చేతులలో పెరిగినదే. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ‘విషాద సారంగధర’తో దుఃఖాంతనాటకమును తెలుగువారి కలవరచిరి. సురభివారు స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ఆడించి, గ్రీకులు చేయజాలని పని చేసిచూపిరి.

ఇట్టి వారసత్వము గల మనము నేడు బడివేదికలపై చేయుచున్నదేమి? యంత్రము పాడుచుండగా సినిమాపాటలకు పిల్లలు పెదవులు కదపుచున్నారు. గొంతు పరులది, మాట పరులది, అడుగులును పరులవే. పిల్లవాని సొంతమన నద్దెకు తెచ్చిన దుస్తులుకూడ కావు. పరీక్షలకు విఘ్నమని నాటకమును మానిపించినవారు దీనిని మాత్రము విడువలేదు! నాటకమైనచో పిల్లవాడు పుటలకొలది తెలుగును కంఠస్థము చేయవలెను; శకటరేఫమును, ఒత్తక్షరమును స్పష్టముగా పలుకవలెను; తోడినటుడు మాట మరచినచో నిలిచి యందుకొనవలెను. వీనిలో చదువు కానిదేది?

మా కోరికలు మూడు. వారమున కొక్క గంట నాటకాభ్యాసమునకు విడువవలెను. అది వేసవిసెలవులు ముగియగానే ప్రారంభమైనచో పరీక్షల కడ్డము రాదు. ఏటేట ఒక సంపూర్ణనాటకమును బాలబాలికలు కలిసి ఆడవలెను. ప్రదర్శనమును అతిథుల సౌకర్యమునుబట్టిగాక, చేలనుండి ఇంటికి చేరి, స్నానము చేసి, అన్నము తిని వచ్చువారి సౌకర్యమునుబట్టి ప్రొద్దుగూకిన తరువాత పెట్టవలెను. పాకలనుండి వలలు ఆరవేసి వచ్చు తండ్రియు, మిరపకోత ముగించి వచ్చు తల్లియు ముందువరుసలో కూర్చుండవలెను.

అప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మేము ప్రత్యుత్తరమియ్య నక్కరలేదు. వేదికపైనుండి ఆమె బిడ్డయే యిచ్చును.