కాగితంలో పిల్లాడెక్కడ?

బెల్లంపల్లి లాంటి బొగ్గు ఊళ్లో ఆలుమగల తగవు నాలుగ్గోడల మధ్య ఆగదు. క్వార్టర్లు పక్కపక్కనే. ఈ ఇంట్లో గిన్నె కిందపడితే ఆ ఇంట్లో వినిపిస్తుంది. ముదిరిందంటే కులపెద్దో, యూనియన్ నాయకుడో వస్తాడు. నాలుగు కుర్చీలు పడతాయి. చాయ్ వస్తుంది. పాత గనులు చాలావరకు మూతపడి, ఉద్యోగాలు శ్రీరాంపూర్‌కో భూపాలపల్లికో తరలిపోయినా ఈ పంచాయితీలు మాత్రం ఎటూ పోలేదు. రెండు రోజుల అరుపులయ్యాక స్టాంపు కాగితం మీద రాతకోతలు. దాన్నే మనవైపు ఇడుపు కాయితం అంటారు.

అందులో ఏముంటుంది? పెట్టిన బంగారం ఎన్ని తులాలు, తిరిగిచ్చేది ఎంత, బండి ఎవరిది, బీరువా ఎవరికి, కూలర్ ఎవరికి. ఇత్తడి బిందెలకూ లెక్క ఉంటుంది. చిట్టచివర ఒక్క వాక్యం.. ‘బాబు తల్లి దగ్గర ఉండును’. అంతే! తండ్రి ఎప్పుడొచ్చి చూడాలి, ఫీజు ఎవరు కట్టాలి, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, బతుకమ్మ సెలవులకు బిడ్డ ఎక్కడుండాలి.. ఇవేవీ ఉండవు. బీరువాకున్నపాటి వివరం కూడా బిడ్డకుండదు.

అసలు ఆ కాగితం విలువెంత? 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులిచ్చేది కోర్టే. కులాచారంగా వచ్చే విడాకులను 29వ సెక్షన్ ఒప్పుకుంటుంది కానీ, అలాంటి ఆచారం తమలో ఉందని రుజువు చేసుకోవాలి. లేదంటే పెళ్లి రద్దు కానట్టే. ఆ కాగితాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లాడితే అది నేరమవుతుంది. (గోండు, కోలాం వంటి గిరిజనులకు ఈ చట్టం వర్తించదు. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే చట్టాలున్నాయి.)

ఇద్దరికీ ఇష్టమే అయితే 13-బి సెక్షన్ ఉంది. ఏడాదిగా విడివిడిగా ఉంటే చాలు, కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఆర్నెల్లు ఆగాలన్నది నియమం. తగిన కారణముంటే ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టంటే ఆదిలాబాద్ దాకా పోవాలేమోనన్న భయమూ అక్కర్లేదిప్పుడు. 2016లో మంచిర్యాల జిల్లా అయింది. 2022 జూన్‌లో జిల్లా కోర్టూ వచ్చింది. రైలెక్కి మందమర్రి, రవీంద్రఖని దాటితే మంచిర్యాలే.

మరి వకీలు ఫీజో? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ జాబితాలో పారిశ్రామిక కార్మికుడూ ఉన్నాడని మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు? అంటే బొగ్గు గని కార్మికుడికీ, అతని భార్యకూ ఇద్దరికీ ఈ హక్కుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. పిల్లల ఖర్చు, చూపుల రోజుల మీద లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కుర్చీల పంచాయితీకి అది లేదు.

అయితే దెబ్బలు తినే ఇల్లాలికి ఈ రాజీ కబుర్లు చెప్పకూడదు. ఆమె ముందు చేయాల్సింది 181కి ఫోన్. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, పిల్లల తాత్కాలిక సంరక్షణ ఒకే అర్జీలో అడగొచ్చు.

ఇక పిల్లల మనసు. అమెరికా మనస్తత్వవేత్త మేవిస్ హెదరింగ్టన్ దాదాపు 1400 కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించి 2002లో పుస్తకం రాశారు. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లల్లో నూటికి 75 నుంచి 80 మంది నిలదొక్కుకున్నారని ఆమె లెక్క. బాగానే ఉంది. కానీ అక్కడ నల్లా దగ్గర నిలబడి ‘మీ బాపు వస్తలేడారా?’ అని ఎవరూ అడగరు! మన పిల్లాడు రోజుకు నాలుగుసార్లు జవాబు చెప్పుకోవాలి. ఏం చెప్పాలో ఇంట్లో వాళ్లే నేర్పాలి. ‘బాపు వేరే ఇంట్ల ఉంటుండు, ఐతారం వస్తడు’.. అంత చాలు. తన అల్లరి వల్లే నాన్న వెళ్లిపోయాడని చిన్నపిల్లలు అనుకుంటారు. కాదని ఒక్కసారి చెబితే సరిపోదు, చాలాసార్లు చెప్పాలి. ‘మీ అమ్మతో చెప్పు’ అంటూ వాళ్లతో కబురంపడం, వచ్చాక ‘అక్కడ ఎవరెవరున్నరు?’ అని కూపీ లాగడం.. ఇవి రెండూ పిల్లాణ్ణి నలిపేస్తాయి. ఈ పనిలో అమ్మమ్మలు, నాయనమ్మలు మరీ ఘనులు!

మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైతే, బడికి పోనని మొండికేస్తే దిష్టి తీసి ఊరుకోకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ తల్లే చేయాలని లేదు. రాత్రి డ్యూటీ దిగొచ్చి నిద్రపట్టని తండ్రీ చేయొచ్చు. క్లాసు టీచరు చెవిన కూడా ఒక మాట వేసి ఉంచండి.

చట్టం చూపుల రోజులు ఇన్ని అని లెక్క కట్టి చెప్పదు. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరుండాలంటుంది. అన్నిటికన్నా బిడ్డ మేలే ముఖ్యమంటుంది. పరిస్థితి మారితే ఉత్తర్వు మార్చమని మళ్లీ అడగొచ్చు కూడా. మిగతాది మీరే రాసుకోవాలి. గని కార్మికుడి ఇంట్లో ‘ప్రతి ఆదివారం’ అని రాసుకుంటే కుదరదు. ఆ ఆదివారమే ప్లే డే డ్యూటీ పడుతుంది. వాకిట్లో కూర్చున్న పిల్లాడు చీకటి పడేదాకా ఎదురుచూస్తాడు. కాబట్టి షిఫ్టును బట్టి రాయండి. ఫస్ట్ షిఫ్టు వారంలో రెండు సాయంత్రాలు, ఆదివారం తప్పితే బదులు ఏ రోజో, రాలేకపోతే ముందురోజే ఫోన్ ఎవరికో. ఖర్చుల దగ్గర ఫీజు, యూనిఫాం, నోటుబుక్కులు వేర్వేరుగా రాయించండి. ‘ఫీజు కడతా’ అని సంతకం చేసిన మనిషి జూన్ రాగానే యూనిఫాం నా లెక్కలో లేదంటాడు.