బడికి సెల్‌ఫోను తేవచ్చునా?



"బడికి ఫోను తీసుకుపోతే తప్పేమిటి?" అని మీలో చాలామంది ఇంట్లో పేచీ పెడుతూ ఉంటారు. పెద్దవాళ్లు "వద్దంటే వద్దు" అంటారే గాని, ఎందుకు వద్దో చెప్పరు. ఈ నెల ఇరుపక్షాల వాదనా విని, సంగతి మనమే తేల్చుకుందాం.

ముందు మీ వాదన. సాయంకాలం బస్సు రాలేదనుకోండి. ఇంటి దగ్గర అమ్మ కంగారు పడుతుంది. ఫోను ఉంటే ఒక్క మాటతో ఆ కంగారు తీరిపోతుంది. 2020లో కరోనా వల్ల బడులు మూసినప్పుడు ఎందరో ఫోనులోనే పాఠాలు విన్నారు. గనక ఫోను చెడ్డ వస్తువు అనటానికి వీల్లేదు.

ఇక రెండో వాదన. లెక్క సగంలో ఉండగా ఫోను "టింగు" మన్నదనుకోండి. దాన్ని ముట్టుకోకపోయినా, "ఎవరై ఉంటారు?" అన్న ఆలోచన వస్తుంది. అంతే, లెక్కలో ఎక్కడ ఆగామో మళ్లీ వెతుక్కోవాలి!

అసలు మోగకపోయినా ఫోను మనసును లాగుతుందా? అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు దాదాపు 800 మందిని పరీక్షించి, 2017లో ఆ ఫలితం ప్రకటించారు. ఫోను బల్లమీద పెట్టుకున్నవారి కంటే, వేరే గదిలో ఉంచి వచ్చినవారు బాగా చేశారట. అయితే తరువాత ఇతరులు చేసిన పరీక్షలన్నిటిలోనూ ఇలాగే తేలలేదు. మరి మీరే చూడరాదూ? ఒకనాడు ఇంట్లోవారి ఫోను పక్కన పెట్టుకుని 20 లెక్కలు చెయ్యండి. మర్నాడు దాన్ని వేరే గదిలో ఉంచి, అంత కష్టమైనవే మరో 20 చెయ్యండి. పట్టిన సమయమూ, తప్పులూ రాసుకోండి. ఒక్కసారితో నమ్మకండి, నాలుగైదుసార్లు మార్చి మార్చి చెయ్యండి.

ఫ్రాన్సు దేశం 2018లో చట్టం చేసి చిన్న బడుల్లో, మధ్య తరగతుల బడుల్లో ఫోను వాడకం ఆపింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా పిల్లలు బడికి ఫోను తేరాదన్నది. పంతుళ్లు సైతం తరగతికి వెళ్లేముందు తమ ఫోన్లు అప్పగించాలన్నది. నియమం అంటే అందరికీ ఒకటే గదా!

కాని ప్రతి నియమానికీ ఒక కిటికీ ఉండాలి. మధుమేహం ఉన్న పిల్లలు కొందరు ఒంటికి చిన్న యంత్రం పెట్టుకుంటారు. రక్తంలో చక్కెర ఎంత ఉన్నదీ అది ఫోనుకు తెలుపుతుంది. అలాంటివాడి ఫోను లాక్కుంటే ప్రాణానికే ముప్పు.

గనక నా తీర్పు ఇది: తరగతిలో ఫోను వద్దు, జబ్బుగా ఉన్నవారికి మినహాయింపు ఇవ్వాలి. మరి బస్సు రాని పిల్లవాడి మాటో? బడి ఆఫీసులో ఒక ఫోను ఉండి, అవసరపడిన పిల్లలెవరైనా అడిగి మాట్లాడే ఏర్పాటు ఉండాలి. అప్పుడు ఇంట్లో ఫోను కొనలేనివారి పిల్లలకు కూడా న్యాయం జరుగుతుంది.

మీ బడిలో అలాంటి ఏర్పాటు ఉందా? లేకపోతే నలుగురూ కలిసి వెళ్లి హెడ్మాస్టరుగారిని మర్యాదగా అడగండి. పేచీ కంటే అది మంచి పని.