ఆట పిల్లలది, వసూళ్లు ఇంటిల్లిపాదివి

టెక్సాస్‌లోని అలెన్ పట్టణంలో 2012లో ఒక హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియం తెరిచారు. 18 వేల మంది కూర్చునే మైదానం, 6 కోట్ల డాలర్ల ఖర్చు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి అది మూతపడటం, మరమ్మతుల తర్వాత 2015లో మళ్లీ తెరుచుకోవడం వేరే కథ. డాలస్ ఉత్తర శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఆ స్టేడియం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లకు అంతుపట్టనిది మరొకటి ఉంటుంది. ఇంతింత స్టేడియాలు కట్టే దేశంలో, ట్రాక్ జట్టులో చేరిన అమ్మాయి అమ్మకానికి చాక్లెట్ల పెట్టె ఇంటికి ఎందుకు తెస్తుంది? టోర్నమెంటు ప్రయాణానికి విరాళమివ్వమని బాబాయికీ, అత్తయ్యకూ లింకులు ఎందుకు పంపుతుంది?

జవాబు పద్దుల్లో ఉంది. అలెన్ స్టేడియాన్ని 2009లో ఓటర్లు ఆమోదించిన బాండు సొమ్ముతో కట్టారు. బాండు డబ్బును కట్టడాలకు వాడొచ్చు గానీ జీతాలకూ రోజువారీ నిర్వహణకూ వాడకూడదు. ఆ ఖర్చులకు వేరే పద్దు ఉంది, అది ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. కోత తప్పనప్పుడు లెక్కల టీచరు జోలికి వెళ్లేముందు స్కూల్ బోర్డు చూపు ఆటల మీద పడుతుంది. అలా బస్సు ఖర్చు, టోర్నీ ప్రవేశ రుసుము, రెండో జత యూనిఫాం, అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే కొద్దిపాటి భత్యం మెల్లగా తల్లిదండ్రులు నడిపే 'బూస్టర్ క్లబ్' నెత్తికి చేరతాయి. స్టేడియం మీద ఓటు వేసే అవకాశం పట్టణమంతటికీ వస్తుంది. సాక్సుల ఖర్చు మీద ఎవరూ ఓటు వేయరు.

ఈ బదిలీ ఎలా జరిగిందో కాలిఫోర్నియా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1978లో అక్కడి ఓటర్లు 'ప్రతిపాదన 13' నెగ్గించి ఆస్తిపన్నును అంచనా విలువలో 1 శాతానికి కట్టేశారు. బడుల ఆదాయం పడిపోయింది. 1980లో శాంటా బార్బరా హైస్కూల్ డిస్ట్రిక్ట్ ఒక్కో జట్టులో చేరడానికి 25 డాలర్ల రుసుము పెట్టింది. కట్టలేని పేద పిల్లలకు మినహాయింపు కూడా ఇచ్చింది. అయినా వ్యవహారం కోర్టుకెక్కింది. 1984లో 'హార్ట్‌జెల్ వర్సెస్ కానెల్' కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ రుసుము రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఉచిత విద్య అని రాజ్యాంగం హామీ ఇచ్చాక ఆటపాటలు ఆ విద్యలో భాగమే, వాటికి డబ్బు అడగకూడదు అన్నది ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్ రాసిన తీర్పు సారాంశం. పేదలకు మినహాయింపు ఉందిగా అన్న వాదననూ ఒప్పుకోలేదు. ఉచిత విద్య అందరి హక్కు అయినప్పుడు పేదరికం రుజువు చేసుకుని దాన్ని పొందాల్సిన అవసరమేమిటన్నది ప్రశ్న. నా దృష్టిలో ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన మాట అదే.

తీర్పు వచ్చినంత మాత్రాన వసూళ్లు ఆగలేదు. పావు శతాబ్దం తర్వాత, 2010లో, పౌర హక్కుల సంఘం ఏసీఎల్‌యూ మళ్లీ దావా వేయాల్సి వచ్చింది. ఆపైన 2012లో చట్టసభ ఒక చట్టం చేసింది. బడి కార్యక్రమాల్లో పాల్గొనడానికి రుసుము తీసుకోకూడదు, తీసుకుంటే ఫిర్యాదు చేయొచ్చు, సొమ్ము తిరిగి ఇవ్వాలి. అదే చట్టం స్వచ్ఛంద విరాళాలకూ స్వచ్ఛంద నిధుల సేకరణకూ తలుపు తెరిచే ఉంచింది. ఉంచక తప్పదు కూడా; ఇష్టపడి ఇచ్చేవాళ్లను ఏ చట్టమూ ఆపలేదు. చిక్కంతా ఆ తలుపు దగ్గరే మొదలైంది.

మసాచుసెట్స్ మరో దారి పట్టింది. అక్కడా 1980లో ఆస్తిపన్నుకు పరిమితి పెట్టారు. అక్కడి బడులు మాత్రం ఆటల రుసుమును బాహాటంగానే వసూలు చేస్తున్నాయి. నచ్చినా నచ్చకపోయినా అంకె కాగితం మీద ఉంటుంది.

కాగితం మీద అంకె లేనిచోట సంగతి ఎలా నడుస్తుందో చూడాలి. సీజన్ మొదట్లో తల్లిదండ్రుల సమావేశం జరుగుతుంది. ఒక్కో పిల్లవాడి మీద ఇంత ఖర్చవుతుంది, ఇది తప్పనిసరి కాదు, కానీ అందరూ ఇస్తేనే జట్టు నడుస్తుంది అని కోచ్ మర్యాదగానే చెబుతాడు. తర్వాత అమ్మకాలు మొదలు: చాక్లెట్లు, కుకీ పిండి, డిస్కౌంటు కార్డులు, శనివారం కార్ల కడుగుడు. కొన్ని జట్ల తల్లిదండ్రులు పెద్ద స్టేడియాల్లో తినుబండారాల కౌంటర్ల దగ్గర నిలబడి పనిచేస్తారు, అమ్మకంలో కొంత వాటా క్లబ్బుకు వస్తుంది. ఇవేవీ వద్దనుకుంటే నేరుగా ఇంత చెక్కు రాసిచ్చి తప్పుకోవచ్చు. తీరిక లేకపోయినా డబ్బున్న ఇల్లు ఆ దారిన బయటపడుతుంది. రెండు ఉద్యోగాలు చేసే తల్లికి తీరికా లేదు, చెక్కూ లేదు.

ఈమధ్య కాలంలో ఫోన్ వచ్చి ఇంకో మెలిక వేసింది. పిల్లల చేత తెలిసినవాళ్ల ఈమెయిళ్లు, నంబర్లు ఎక్కించి, వాళ్లందరికీ విరాళాల కోసం సందేశాలు పంపే సంస్థలు పుట్టుకొచ్చాయి. పని తేలికైంది, కానీ వసూలైన దాంట్లోంచి సంస్థ తన వాటా మినహాయించుకుంటుంది. ఇక్కడ లెక్కకు వచ్చేది పిల్ల పరుగు కాదు, పిల్ల చుట్టూ ఉన్న మనుషుల జేబులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బంధుమిత్ర వర్గమున్న తెలుగు ఇంట్లో వాట్సాప్ గ్రూపులో లింకు పడితే సాయంత్రానికి లక్ష్యం నిండొచ్చు. కొన్ని కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ జతచేస్తాయి కూడా. పక్కింటి పిల్ల బంధువులందరూ గంట కూలీలైతే ఆ లింకు అలాగే ఉండిపోతుంది. మనవాళ్లలోనూ అందరిదీ ఒకే పరిస్థితి కాదు. కొత్తగా వచ్చి, ఒక్క జీతంతో అద్దె కట్టుకుంటున్న వాళ్లకు ఎవరిని అడగాలన్నా మొహమాటమే. వినాయక చవితి చందా అడగడానికి నలుగురు కలిసి వెళ్తారు. ఇక్కడ పదిహేనేళ్ల పిల్ల ఒక్కతే అడగాలి, అదీ తన పేరు మీదే.

ఎక్కువ తెచ్చినవాళ్లకు తక్కువ భారం అని లెక్క కట్టేస్తే పోదా అనిపిస్తుంది. వర్జీనియాలో ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ అదే చేసింది. అది బడి జట్టు కాదు గానీ పన్ను నియమం అందరికీ ఒకటే. అమ్మకాలు చేసిన తల్లిదండ్రులకు పాయింట్లు ఇచ్చి, ఆ మేరకు వాళ్ల పిల్లల ఖర్చు తగ్గించింది. 2013లో అమెరికా పన్నుల కోర్టు ఇది దాతృత్వం కాదు, సొంత లాభమేనంది. క్లబ్బు పన్ను మినహాయింపు పోయింది. అంటే సేకరించిన సొమ్ము ఉమ్మడి హుండీలోకే వెళ్లాలి. న్యాయంగా చూస్తే మంచి నియమమే. కానీ దీన్ని కాలిఫోర్నియా చట్టం పక్కన పెట్టి చూడండి. తెమ్మని ఒత్తిడి చేయకూడదు, తెచ్చినవాడికి మినహాయింపు ఇవ్వకూడదు. మరి క్లబ్ నడిపే తల్లి చేతిలో మిగిలే ఆయుధం ఏమిటి? ఎవరు ఎంత తెచ్చారో గోడ మీద పట్టిక. ఇవ్వని ఇళ్లకు మూడోసారి గుర్తుచేయడం. పిల్లల ముందు ఒక నిట్టూర్పు. చట్టం రెండు తలుపులు మూశాక మొహమాటమే వసూళ్ల యంత్రమైంది. దాని మీద ఫిర్యాదు చేయడానికి ఫారం లేదు.

1972 నాటి టైటిల్ 9 చట్టం ఒక్క విషయంలో గట్టిగా ఉంది. డబ్బు బూస్టర్ క్లబ్ ఇచ్చినా సరే, అబ్బాయిల బేస్‌బాల్ మైదానానికి ఒనగూరిన వసతికి సమానమైనది అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కూ సమకూర్చే బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. ఆడ, మగ తేడాకు వర్తించే ఈ సూత్రం ధనిక పట్టణం, పేద పట్టణం తేడాకు వర్తించదు. శాంటా మోనికా-మాలిబు డిస్ట్రిక్ట్ 2011లో ఇందుకు దగ్గరి ప్రయత్నమే చేసింది. ఆటలకు కాదు, బడి సిబ్బంది కోసం తల్లిదండ్రులు సేకరించే డబ్బును డిస్ట్రిక్ట్ అంతటికీ పంచాలని నిర్ణయించింది. సంపన్నులైన మాలిబు తల్లిదండ్రులు మండిపడ్డారు. మా పిల్లల బడికని ఇచ్చింది మా పిల్లల బడికే చెందాలన్నారు. వాళ్లను తప్పుపట్టడం తేలికే. విరాళం ఇచ్చేవాడికి ముఖం కనిపించాలి, పన్ను కట్టేవాడికి అక్కర్లేదు. సమానత్వానికి పన్ను పనికొచ్చినట్టు విరాళం పనికిరాకపోవడానికి కారణం ఇదే.

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లల ఆసుపత్రి 2012లో జరిపిన జాతీయ సర్వేలో, ఏటా 60 వేల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల్లో దాదాపు ఐదింట ఒకటి, ఖర్చు వల్ల తమ పిల్లల ఆటలు తగ్గాయని చెప్పింది. హైస్కూలు ఆటల్లో నమోదయ్యే పాల్గొనేవారి సంఖ్య 80 లక్షలు దాటే దేశం అది. ఆ అంకెలో, సమావేశం నుంచి ఇంటికొచ్చి 'నాకు ఆ ఆట అంత ఇష్టం లేదులే' అన్న పిల్లలు లేరు.

బూస్టర్ క్లబ్బులను రద్దు చేయమనడం దండగ. ఆదివారం పొద్దున పాన్‌కేకుల విందులో ఊరు కలుసుకుంటుంది, కొత్తగా వచ్చిన కుటుంబానికి అదే తొలి పరిచయం కావొచ్చు. పిల్లలు లేనివాళ్లు మా పన్ను ఫుట్‌బాల్‌కెందుకు అనడమూ కొట్టిపారేసే మాట కాదు. అయితే జట్టు నడవడానికి తప్పనిసరైన ఖర్చు ఒకటి, పైన వచ్చే సోకు ఒకటి. బస్సు, కోచ్, రక్షణ సామగ్రి మొదటి రకం. అవి స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లో ఉండాలి. పేర్లు కుట్టిన జాకెట్లూ, సీజన్ చివరి విందూ క్లబ్బు చూసుకోవచ్చు. ఒక్కో జట్టుకు తలకు ఎంతవుతోంది, అందులో క్లబ్బు ఎంత భరిస్తోంది అన్నది ఏటా అచ్చువేస్తే చాలు, చాలాచోట్ల వాదన దానంతటదే మొదలవుతుంది.

ఫ్రిస్కో, ఎడిసన్, కుపర్టినో వంటిచోట్ల ఈ వాదన ఎత్తగల స్థితిలో తెలుగు తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది చేసేది చెక్కు రాసిచ్చి గొడవ వదిలించుకోవడం. టెక్సాస్ బడులు బడ్జెట్ ఆమోదించే ముందు బహిరంగ విచారణ జరిపి తీరాలి. ఆర్థిక సంవత్సరం జులైలోనో సెప్టెంబరులోనో మొదలవుతుంది కాబట్టి ఆ సమావేశాలు వేసవిలోనే, చాలామంది ఇండియా ప్రయాణాల్లో ఉన్నప్పుడు జరుగుతాయి. ప్రయాణంలో లేనివాళ్లయినా వెళ్లి ఆటల పద్దు ఏ పేజీలో ఉందో, క్లబ్బులు భరిస్తున్న ఖర్చు అందులో ఎందుకు కనిపించదో అడగొచ్చు.