పట్టణం బడికి పెద్దదిక్కు

పెంటపాడు మండలంలోని పల్లెల్లో బడి బోర్డు మీద మండల పరిషత్ అనో, జిల్లా పరిషత్ అనో రాసి ఉంటుంది. అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం ఊళ్లోకి వస్తే అవే తరగతులు, అవే పుస్తకాలు, అదే యూనిఫాం ఉన్న బడి మున్సిపల్ స్కూలవుతుంది. శాసనసభ నియోజకవర్గం రెంటికీ ఒక్కటే. ఆసుపత్రికైనా బట్టల కొట్టుకైనా పెంటపాడు వాళ్లు వెళ్లేది గూడేనికే. జనం బతుకులో పల్లెకూ పట్టణానికీ మధ్య ఉన్న గీత ఎప్పుడో చెరిగిపోయింది. బడి పాలనలో మాత్రం అది ఇంకా ఉంది. పట్టణ ప్రభుత్వ బడుల కష్టాల్లో పెద్ద భాగం ఆ గీత దగ్గరే మొదలవుతుంది.

ఈ ప్రాంతంలో పట్టణ పాలన పాతదే. ఏలూరు 1866లోనే మున్సిపాలిటీ అయింది, 2005లో నగరపాలక సంస్థగా ఎదిగింది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకుని బడులు నడుపుకునే దారి చూపింది. వీధి దీపం, కుళాయి, మురుగుకాల్వలతో పాటు ఎలిమెంటరీ స్కూలు కూడా మున్సిపాలిటీ పనుల్లో ఒకటిగా పెరిగింది అలాగే. పన్ను కట్టేవాడికి బడి ఎవరిదో తెలిసేది, బడిలో లోపం కనిపిస్తే నిలదీయడానికి కౌన్సిలరు వీధిలోనే దొరికేవాడు.

1992 నాటి రాజ్యాంగ సవరణలు ఈ సంగతిలో విచిత్రమైన తేడా పెట్టాయి. పంచాయతీల కోసం చేర్చిన పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య అని స్పష్టంగా ఉంది. పట్టణాల కోసం చేర్చిన పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో బడి అన్న మాటే లేదు. సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం అని ఒక ముక్క ఉంది, అంతే. పార్కులో బొమ్మ పెట్టడమూ బడి నడపడమూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. పట్టణాల్లో చదువు ఎలాగూ బాగుంటుందని, వెనకబాటు పల్లెలదేనని అప్పట్లో అందరూ నమ్మడం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. పిల్లలు చదవగలుగుతున్నారో లేదో ఇంటింటికీ వెళ్లి చూసే 'అసర్' సర్వే 2005 నుంచి దేశానికి తెలుసు. అది గ్రామీణ ప్రాంతాల సర్వే. పెంటపాడు లాంటి ఊళ్లు దాని లెక్కలోకి రావచ్చు గానీ, గూడెం బస్టాండు వెనక వీధుల పిల్లలు రారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ నుంచి మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖ చేతికి వెళ్లింది. రాష్ట్రమంతటా రెండు వేలకు పైగా బడులు ఇలా మారాయి. పంతుళ్ల సర్వీసు, తనిఖీ, చదువు ఆ శాఖ చూస్తుంది. భవనాలు, స్థలాలు మున్సిపాలిటీ ఆస్తిగానే ఉండిపోయాయి. విద్యాశాఖకు ఇవ్వడంలో న్యాయం ఉంది. మున్సిపాలిటీల్లో బడులను తనిఖీ చేసే యంత్రాంగం ఎప్పుడూ అరకొరే, పల్లె పంతులుకీ పట్టణ పంతులుకీ వేర్వేరు నిబంధనలు ఉండటం ఎవరికీ మేలు చేయలేదు. కానీ గోడ ఒకరిది, గోడలోపలి తరగతి మరొకరిది అయ్యాక, మధ్యలో జారిపోయే పనులు చాలా ఉంటాయి. వానాకాలంలో ఆవరణలో నిలిచిన నీళ్లు తోడించాలంటే మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసుకా, మున్సిపల్ ఆఫీసుకా అర్జీ పెట్టాలి? ప్రహరీ పక్కన చెత్తకుండీ తీయించాలంటే? హెడ్మాస్టరు రెండు చోట్లకూ తిరగాలి. ఆ తిరిగేది బడివేళల్లోనే.

గూడెంలో ఇంకో చిక్కు తోడైంది. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరిపోయింది. 2021 మార్చిలో ఏలూరులో, రాష్ట్రంలోని చాలా పట్టణాల్లో పురపాలక ఎన్నికలు జరిగినా తాడేపల్లిగూడెంలో జరగలేదు. 2011 జనాభా లెక్కల్లోనే లక్ష దాటిన పట్టణంలో, బడి చేతులు మారిన ఆ ఏడాది, వార్డు తరఫున అడగడానికి కౌన్సిలరు లేడు. మున్సిపల్ బడిలో చదివే పిల్లల తల్లులకు అధికారి గది దాకా వెళ్లి మాట్లాడే తీరిక ఎక్కడిది? కౌన్సిలరు అరుగు దాకా అయితే వెళ్లగలరు.

భవనాల సంగతిలో గత కొన్నేళ్లలో నిజమైన మార్పు వచ్చింది, దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. 2019 నవంబరు 14న మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15 వేలకు పైగా బడులకు నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, లైట్లు, బెంచీలు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీలు వచ్చాయి. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. మరుగుదొడ్డి లేక ఏడో తరగతి తర్వాత బడి మానేసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ తలుపు, ఆ కుళాయి విలువ వేరే చెప్పనక్కర్లేదు. రెండో విడత పనులు మాత్రం చాలాచోట్ల సగంలో ఆగాయి. కట్టినవాటిని నిలబెట్టుకోవడం కట్టడం కంటే కష్టమని కూడా తేలింది. ఇప్పుడు 'తల్లికి వందనం' పథకం కింద ఒక్కో బిడ్డకు ఇచ్చే 15 వేలలో రెండు వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకు పక్కన పెడుతున్నారు. డబ్బుకు ఒక దారి దొరికింది. కుళాయి విరిగిన రోజునే ప్లంబరును పిలిచే మనిషిని మాత్రం ఇంకా ఏర్పాటు చేసుకోలేదు.

అసలు ఈ బడులకు వచ్చే పిల్లలెవరు? గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు, బెల్లం వ్యాపారం, రైసు మిల్లులు ఉన్నాయి. హమాలీల పిల్లలు, తాపీ పనివాళ్ల పిల్లలు, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లుల పిల్లలు, కొల్లేరు పక్క చెరువుల మీద పని తగ్గితే పట్టణానికి వచ్చిన ఇళ్ల పిల్లలు. అద్దె పెరిగితే ఇల్లు మారుతుంది, ఇల్లు మారితే బడి మారుతుంది. ఏడాది మధ్యలో వచ్చి చేరినవాడికి ఏ పాఠం దాకా వచ్చిందో కొత్త పంతులుకు తెలిసే వీలు తక్కువ. తల్లి తెల్లారకముందే పనిలోకి వెళ్తే, తమ్ముణ్ణి లేపి తయారుచేసి బడికి తీసుకొచ్చేది పదేళ్ల అక్కే. సాయంత్రం నాలుగింటికి గంట కొట్టాక ఇంట్లో పెద్దవాళ్లుండరు. పల్లెలో ఆ వేళకు అరుగు మీద ఒక నాయనమ్మో, పక్కింటి పిన్నో ఉంటుంది. అద్దె గదుల వరుసలో ఎవరూ ఉండరు. ట్యూషనుకు పంపగలిగినవాళ్లు పంపుతారు, మిగతావాళ్లు వీధిలో ఉంటారు.

దూరం కూడా పట్టణంలో వేరే లెక్క. 2009 విద్యాహక్కు చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలి. పొలం గట్టు మీద కిలోమీటరు ఎనిమిదేళ్ల పిల్లకు ఆటే. రైలు పట్టాలు దాటి, లారీలు తిరిగే రోడ్డు దాటి వెళ్లే కిలోమీటరు మాత్రం తల్లికి దినదిన గండం. 2022లో వచ్చిన 117 నంబరు జీవో మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపినప్పుడు ఈ తేడాను పట్టించుకోలేదు. సబ్జెక్టుకు ఒక పంతులు ఉండాలన్న ఉద్దేశం మంచిదే. అయిదు తరగతులకు కలిపి 18 సబ్జెక్టులు, చెప్పేది ఒకరో ఇద్దరో అన్న బాధ నిజమైనదే. కానీ వీధి చివరి బడి నుంచి పిల్లల్ని తీసేశాక, ఎలాగూ దూరం పంపాల్సిందే కదా అని తల్లిదండ్రులు కాన్వెంటు వైపు చూశారు. కాన్వెంటు పసుపుపచ్చ బస్సు గుమ్మం ముందుకే వస్తుంది. పెంటపాడు, అలంపురం వీధుల్లోంచి పిల్లల్ని ఎక్కించుకుని గూడెం తీసుకుపోయేదీ అదే బస్సు. పట్టణంలోని మున్సిపల్ బడీ, పల్లెలోని మండల పరిషత్ బడీ ఒకే బస్సుకు పిల్లల్ని పోగొట్టుకుంటున్నాయి.

ఈ వ్యవహారమంతటిలో గట్టి ముడి పంతుళ్ల లెక్కది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు పంతుళ్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. లెక్క ప్రకారం పంతులుకు ముప్పై మంది పిల్లలు దాటరు కాబట్టి కాగితం మీద ఇది ఉదారమైన ఏర్పాటే. కానీ 60 మంది అయిదు తరగతుల్లో ఉంటారు. రెండు గదుల్లో అయిదు తరగతులు కూర్చుంటాయి. ఒకటో తరగతి అక్షరాలు దిద్దుతుంటే అదే గదిలో నాలుగో తరగతి భాగహారం వింటుంటుంది. ఒక పంతులు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఓటర్ల జాబితా పని మీద బూత్ స్థాయి అధికారిగా తిరిగినా అయిదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. కాన్వెంటులో చెప్పే అమ్మాయికి బీఈడీ ఉండకపోవచ్చు, జీతం సర్కారు పంతులు జీతంలో చిన్న భాగం కావచ్చు. అయినా తరగతికి ఒకరున్నారు. తల్లి చూసేది అదే, ఆమె చూసేది తప్పు కాదు. పదిమంది పిల్లలు అటు వెళ్తే ఇక్కడ ఒక పోస్టు తగ్గుతుంది, పోస్టు తగ్గితే ఇంకో పదిమంది వెళ్తారు. ఇంగ్లీషు మీడియం బోర్డు పెట్టడం వల్ల ఈ చక్రం ఆగలేదు.

2025లో ప్రభుత్వం 117 జీవోను పక్కనపెట్టి, తరగతికి ఒక పంతులు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలకు తెర తీసింది. అదే ఏడాది 16,347 పంతుళ్ల పోస్టుల భర్తీకి డీఎస్సీ పరీక్ష జరిగింది. బడుల విషయంలో ఈ పదేళ్లలో తీసుకున్న నిర్ణయాల్లో తరగతికొక పంతులు అన్నదే అన్నిటికంటే విలువైనది. బడి నిండేదాకా ఆగి పంతుల్ని ఇవ్వడం కాకుండా, పంతుల్ని ముందు ఇచ్చి రెండు మూడేళ్లు కదపకుండా ఉంచితేనే దాని ఫలితం కనిపిస్తుంది. పట్టణాల్లో ఇది సాధ్యం కూడా. ఇంటద్దె భత్యం ఎక్కువుండే చోట్లకు బదిలీల్లో పాయింట్లు తక్కువే అయినా, పట్టణంలో పోస్టు ఖాళీగా ఉండటం అరుదు. ఏజెన్సీ మండలాలకున్న కష్టం ఇక్కడ లేదు.

ఇతర నగరాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో మరమ్మతులు, శుభ్రత, సరుకులు చూసుకోవడానికి విడిగా ఎస్టేట్ మేనేజర్లను పెట్టింది. ప్రిన్సిపాలుకు తరగతి గదిలోకి వెళ్లే తీరిక దొరికింది. లండన్‌లో 2003 నుంచి 2011 దాకా నడిచిన 'లండన్ ఛాలెంజ్' నగరాన్ని మొత్తంగా ఒక్క బడిగా చూసింది. పిల్లల స్థితిగతులు ఒకేలా ఉన్న బడుల్ని గుంపులుగా చేసి ఫలితాలు పోల్చింది. బాగా నడిపిన హెడ్మాస్టర్లను వెనకబడిన బడులకు తోడుగా పంపింది. దేశంలో వెనకబడి ఉన్న లండన్ సెకండరీ బడులు ఆ కాలంలోనే ముందు వరుసలోకి వచ్చాయి.

ఢిల్లీ, లండన్‌లతో పోల్చడానికి గూడెం చిన్న ఊరు. అయితే ఆ చిన్నతనమే దానికి అనుకూలం. పట్టణంలోని మున్సిపల్ బడులూ, చుట్టూ ఉన్న పెంటపాడు, తాడేపల్లిగూడెం మండలాల బడులూ కలిపి ఒక సముదాయంగా చూస్తే మధ్యలోని గీత దానంతటదే పోతుంది. ఆ సముదాయానికి ఒక నిర్వహణ ఉద్యోగి ఉంటే ప్లంబరునూ ఎలక్ట్రీషియనునూ పిలిచే పని హెడ్మాస్టర్లకు తప్పుతుంది. ఇల్లు మారిన పిల్లవాడి చదువు వివరాలు కొత్త బడికి అదే రోజు అందుతాయి. 2015 నుంచి ఊళ్లో ఎన్‌ఐటీ ఉంది, పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా మున్సిపల్ బడి గదులు తెరిచి ఉంచి, ఆ విద్యార్థుల్ని వారానికో రోజు లెక్కలు చెప్పమంటే కాదనేవాళ్లు తక్కువ. ఆ రెండున్నర గంటలు పిల్లలకు ఒక గ్లాసు పాలూ, చదువుకునే చోటూ, కాపలాకు ఒక ఆయా ఉంటే హమాలీ ఇంటికీ పాచిపని ఇంటికీ అంతకంటే పెద్ద సాయం లేదు.

చట్టప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. గూడెం లాంటి చోట ఆ కమిటీ సమావేశం పగలు పదకొండింటికి పెడితే కూలి పోతుందని ఎవరూ రారు. ఆదివారం సాయంత్రం పెట్టి, మున్సిపల్ ఇంజినీరూ ఎంఈవో ఇద్దరూ అదే గదిలో కూర్చుని, కిందటి నెల అడిగిన పని ఎంతవరకు వచ్చిందో బోర్డు మీద రాసి చూపించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఒకటి చాలు.