ఇల్లు విడిచినవారి యద్దె యెవరు చెల్లింపవలయును?

సొరంగమార్గములు, వంతెనలు, మురుగుకాలువలు, వెడల్పు బాటలు పెరుగుచున్న పట్టణములకు ఆవశ్యకములు. ఈ విషయమున మాకు భిన్నాభిప్రాయము లేదు. అయితే పని సాగుచుండగా కొన్ని నెలలు ఇల్లు విడిచి పొమ్మన్నప్పుడు, ఆ కుటుంబ మెచ్చట తలదాచుకొనవలెను, అందగు వ్యయము నెవరు భరింపవలెను అను ప్రశ్న పని యారంభమునకు ముందే తేలవలసియుండగా, ఆపద వచ్చిన పిమ్మట విచారింపబడుచున్నది.

2019 ఆగస్టు 31వ తేదీన కలకత్తానగరమందలి బౌబజారులో మెట్రోరైలు సొరంగమును త్రవ్వుచున్న యంత్రము భూగర్భజలపు పొరను తాకెను. నీరును బురదయు సొరంగములోనికి పొరలివచ్చుటచే పైనేల క్రుంగి పాతయిండ్లు బీటలువారినవి, కొన్ని కూలిపోయినవి. వందలకొలది జనులు గడియలలో ఇండ్లు వెడలి హోటళ్లకు చేరవలసివచ్చెను. కుటుంబమునకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహార మిచ్చుటకు నిర్మాణసంస్థవారు అటుపిమ్మట నంగీకరించిరి. 2022 మే నెలలో ఆ పేటయందే దుర్గా పితూరీ సందులోని యిండ్లు మరల బీటలువారినవి. అక్టోబరులో మదన్ దత్తా సందువారి వంతు వచ్చెను. తుదకు 2025 ఆగస్టు 22వ తేదీన ఎస్ప్లనేడు, సియాల్దాల నడిమిభాగము ప్రారంభమై మార్గము పూర్తియైనది. నగరమున కంతటికిని సౌకర్యము కలిగినది. ఆ సౌకర్యమునకు ముందుగా మూల్యము చెల్లించినవారు ఆ కొద్దిసందుల వారు.

మన చట్ట మేమి చెప్పుచున్నదో చూతము. 1894నాటి భూసేకరణచట్టము 35వ సెక్షను ప్రకారము ప్రభుత్వము బీడునుగాని సేద్యపునేలనుగాని మూడు సంవత్సరములకు మించకుండ తాత్కాలికముగా వాడుకొని, యజమానునికి పరిహార మీయవచ్చును. ఆ చట్టము రద్దైనను, ఈ నియమము 2013నాటి క్రొత్తచట్టమున 81వ సెక్షనుగా నిలిచియున్నది. క్రొత్తచట్టము నిర్వాసితులకు నెలకు 3,000 రూపాయల చొప్పున ఒక సంవత్సరము జీవనభృతియు, సామానుల తరలింపునకు 50,000 రూపాయలును విధించినది. కాని యిది భూసేకరణచే స్థానభ్రంశము పొందినవారి నుద్దేశించినది. ఆరునెలలు పొలమును వాడుకొన్నచో పరిహార మీయవలెనని రైతు విషయమున నంగీకరించిన న్యాయము, ఆరునెలలు ఇంటికి దూరమైన గృహస్థుని విషయమున నేల వర్తింపరాదు?

ఇల్లు మారుట స్వల్పవ్యయముతో తీరునది గాదు. క్రొత్తయింటి యజమానుడు ముందుగా రెండుమూడు నెలల యద్దె కోరును. బండికూలి, సామాను మోతకూలి, పిల్లల బడికి దూరపు ప్రయాణము, మూతపడిన దుకాణపు బేరము—ఇవన్నియు నొక్కమారే మీద బడును. సొంతయింటివాడు అప్పైనను చేయగలడు. అద్దెకున్నవానికిని, ఆ వీథిలో పనిచేయు చేతిపనివానికిని ఆ యాధారమును లేదు. బీటలువారిన గోడక్రింద పండుకొనువానిని మొండివాడని అధికారులు నిందింతురు. చేతిలో రొక్కము లేనివాడు పోవు చోటేది? సకాలమున నిచ్చిన సాయము ప్రాణరక్షణమే యగును.

లండనునగరమున క్రాస్‌రైలు మార్గమును నిర్మించునపుడు, పనుల చప్పుడు నిర్ణీతప్రమాణమును మించి 15 దినములలో 10 దినములుగాని, 6 నెలలలో 40 దినములకు మించిగాని యుండునని తేలినచో, ఆ యింటివారికి తాత్కాలికముగా వేరొకవసతి కల్పించు పద్ధతి యుండెను. ఆ నగరపు ధనసంపత్తి మనకు లేకపోవచ్చును. కాని బాధను ముందుగా కొలిచి, దానికొక లెక్క యేర్పరచుటకు ధనముకన్న సంకల్పము ముఖ్యము.

ఇట్టి సాయము ఖజానాకు భారమనియు, అనర్హులు చొరబడుదురనియు కొంద రాక్షేపింతురు. ఆ వ్యయ మిప్పుడును లేకపోలేదు. అది లెక్కపుస్తకమున చేరక గృహస్థుని మెడకు చుట్టుకొనియున్నది. సిమెంటునకు, ఉక్కునకు, యంత్రములకు అంచనా వేయు ఇంజనీర్లు మార్గము ప్రక్కనున్న యిండ్లను లెక్కింపలేరా? పనికి ముందే ప్రతి యింటిని పరీక్షించి, ఛాయాచిత్రములు తీసి, నివసించువారి పేర్లు వ్రాసికొన్నచో అనర్హులకు తావుండదు. తరువాత బీటలు పాతవా క్రొత్తవా యను వివాదమును తప్పును.

కావున మేము ప్రభుత్వమువారి నీ క్రింది యేర్పాటులు కోరుచున్నాము. ఇల్లు ఖాళీచేయుటకు ముందే అద్దె, బయానా, తరలింపు కూలి రొక్కముగా చేతికందవలెను. యజమానులతో సమముగ అద్దెదారులకును, చిల్లరవర్తకులకును హక్కుండవలెను. తిరిగివచ్చు తేదీని వ్రాతమూలముగ నీయవలెను. గడువు మీరినచో నెలనెలకును భృతి పెరుగవలెను. ఖాళీయిండ్లకు కాపలా నుంచవలెను. ఈ మొత్తమంతయు పని యంచనాలో మొదటనే చేర్పవలెను.

ఇది పరనగరపు ముచ్చట గాదు. హైదరాబాదు పాతబస్తీలో మహాత్మాగాంధీ బస్‌స్టేషనునుండి చాంద్రాయణగుట్టవరకు మెట్రోమార్గము తలపెట్టబడినది. విశాఖపట్టణమునకును, విజయవాడకును మెట్రో ప్రతిపాదనలు కలవు. యంత్రము వీథిలో దిగిన పిమ్మట మొరపెట్టుకొనుటకంటె, ఇప్పుడే మన నగరపాలకసంఘములును, శాసనసభ్యులును ఈ నియమములు చేయించుట మేలు. నలుగురి మేలుకొరకు ఇల్లు విడిచిన కుటుంబమునకు ఆ నలుగురి ధనమునుండియే అద్దె చెల్లింపవలెను. దీనిని దయగా నెంచవలదు; అది తీర్పవలసిన ఋణము.