పర్యావరణ నాయకత్వం శిక్షణలు కొండెక్కి రావాలి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మేము వడ్డాదిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కొండ పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ మధ్య మా ఫోన్లకి "పర్యావరణ నాయకులకు శిక్షణ", "సస్టైనబిలిటీ ఫెలోషిప్", "నెట్‌వర్కింగ్ మీట్" అని పోస్టర్లు తెగ వస్తున్నాయి. చర్చ మన అడవి గురించి, మన కాఫీ గురించి, మన గెడ్డల గురించి. సభ మాత్రం విశాఖలోనో హైదరాబాదులోనో, ఇంగ్లీషులో. దరఖాస్తుకి లింక్డ్‌ఇన్ ప్రొఫైలు, ఇద్దరు పెద్దల సిఫారసు లేఖలు కావాలట. దారి ఖర్చులు మనవే. ఇలాగైతే మనోళ్ళు పోస్టరు మీద బొమ్మగా ఉంటారు తప్ప హాల్లో కుర్చీలో ఉండరు.

"అడవి గురించి మనకి ఒకడు నేర్పేదేంటి?" అని మనలో కొందరంటారు. ఆ మాటలో సగమే నిజం. ఏ చెట్టు ఎప్పుడు పూస్తాదో, ఏ ఊట ఎండాకాలం కూడా పారుతాదో మన ముసలోళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కానీ ఆ అడవి మీద నిర్ణయం జరిగేది కాగితం మీద. ఒక పెద్ద ప్రాజెక్టు వస్తే పర్యావరణ ప్రభావ నివేదిక రాస్తారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తెలుగులో చేతికొచ్చేది సారాంశమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటాది. ఊట ఎక్కడుందో తెలిసినోడికి ఆ నివేదిక చదవడం రాదు. చదవగలిగినోడికి ఊట తెలీదు. ఈ రెండూ తెలిసిన మనిషి మన ఊళ్ళోనే తయారవ్వాలి. మేము అడిగే నాయకత్వం అదే.

ఇది కొత్త సంగతి కాదు. అనంతగిరి మండలం నిమ్మలపాడు వైపు మైనింగ్ లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పొచ్చింది. ఊరివాళ్ళ పట్టుదల, చట్టం తెలిసినవాళ్ళ సాయం ఒకచోట కలిస్తేనే అది సాధ్యమయింది. నెట్‌వర్కింగ్ అంటే అసలు అర్థం ఇదే. విజిటింగు కార్డులు మార్చుకోవడం కాదు.

శిక్షణ ఊరికి రాదు, రాలేదు అనే వాళ్ళకి మన రాష్ట్రంలోనే జవాబుంది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో రైతే రైతుకి నేర్పుతాడు. డ్వాక్రా సంఘాల ఆడోళ్ళే దానికి బలం. తెలుగులో, పొలంగట్టు మీద నడిచిన ఆ పనికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని మరో ఇద్దరితో కలిపి ఇచ్చారు.

అందుకే శిక్షణలు పెట్టేవాళ్ళని మేము అడిగేవి ఇవే. పాడేరులోనో, చింతపల్లిలోనో, కనీసం మాడుగులలోనో పెట్టండి. తెలుగులో చెప్పండి, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళకి దుబాసీని పెట్టండి. బస్సు చార్జీలు, పోయిన రోజు కూలి ఇవ్వండి. మన పెద్దోళ్ళని వింటానికి కాదు, చెప్పడానికి పిలవండి. గౌరవ వేతనం వాళ్ళకీ ఇవ్వండి.

వాళ్ళు వచ్చేదాకా మనం ఖాళీగా కూర్చోనక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం కింద ప్రతి గ్రామసభకీ 10 నుంచి 15 మందితో హక్కుల కమిటీ ఉండాలి, అందులో మూడో వంతుకి తగ్గకుండా ఆడోళ్ళుండాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి. చెట్లు, విత్తనాలు, మందుమొక్కలు, వాటి వాడకం రాసిపెట్టే ప్రజా రిజిస్టరు వాటి పని. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మన ఊళ్ళో ఈ కమిటీలు ఉన్నాయా, రిజిస్టరు ఎవరి దగ్గరుందో అడుగుదాం. లేకపోతే మండలాఫీసుకి అర్జీ పెడదాం. పెద్దోళ్ళు చెప్తారు, మనం రాద్దాం. ఏ సర్టిఫికెట్టు ఇవ్వని చదువు ఇందులో ఉంది.

ఇంగ్లీషు కూడా నేర్చుకుందాం, సిగ్గుపడక్కర్లేదు. ఆ నివేదికలు చదవాలి కదా. మీ ఊళ్ళో కమిటీ ఉందో లేదో కింద కామెంట్లో రాయండి. మండలాల వారీగా జాబితా మేము తయారు చేస్తాం.

జై ఆదివాసీ.