తల్లి బిరుదు వద్దు, వలకు తలుపు కావాలి

2025 జనవరిలో కాకినాడ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తే, ఇక్కడ తెల్లాపూర్‌లో కూర్చుని మనమంతా 'అయ్యో, గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లులు' అన్నాం. తల్లి అన్న మాటతో మొదలయ్యే జాలి మీద నాకు నమ్మకం లేదు. అది చంపినవాళ్లని అడగదు. తాబేలు ఊపిరికి పైకి రావాలి. గంటల తరబడి సముద్రాన్ని ఊడ్చే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. అది తప్పించుకుపోయేలా వలకు తలుపు పెట్టే 'టెడ్' పరికరం దశాబ్దాలుగా ఉంది. అది వాడటం లేదనే అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల్ని నిషేధించింది.

ఒడ్డున గూటికి వందకు పైగా గుడ్లని నెలన్నర, రెండు నెలలు కాపలా కాసేది మత్స్యకార పల్లెలే. చాలా నివేదికల్లో వాళ్లు 'స్థానిక సహకారం' అన్న రెండు ముక్కలు. ఏ పడవ ఏం తెచ్చిందో తెల్లారకముందే చూసే చేపలమ్మే స్త్రీలు ఆ రెండు ముక్కల్లోనూ లేరు.

అనుభవం కూడా జ్ఞానమేనని వాదించి డాక్టరేట్లు తెచ్చుకున్నాం. ఆ వాదన రేవు దాకా ఎందుకు పోలేదు? వలకు తలుపు కావాలి. పరిశోధనలో ఆ స్త్రీల పేర్లు కావాలి. సముద్రపు రొయ్యలు కొనేటప్పుడు 'ఏ వలలో పట్టారు?' అని మనమూ అడగాలి.